శిబి త్రాసు



నరసరావుపేటకు చేరువలో, నకరికల్లు మండలమున చేజర్ల గ్రామమున్నది. అచ్చటి కపోతేశ్వరస్వామిని మీలో పలువురు సేవించియే యుందురు. ఆలయము గజపృష్ఠాకారముగా నుండును. పూర్వమది బౌద్ధచైత్యమని చరిత్రకారుల నిర్ణయము. శిబిచక్రవర్తి తన మేని మాంసమును కోసి డేగకిచ్చి పావురమును కాపాడిన స్థలమదియేనని స్థలపురాణము. మహాభారతమునందలి ఈ వృత్తాంతము బౌద్ధుల కథలలోను కలదు. జైనులు దీనినే మేఘరథుడను రాజు పేర చెప్పుకొందురు. ఆ రాజే మరుజన్మములలో పదునారవ తీర్థంకరుడైన శాంతినాథుడయ్యెనని వారి విశ్వాసము. వాదములలో ఒకరినొకరు తూర్పారబట్టుకొన్న మూడు మతములవారును ఈ త్రాసు నొద్దకు వచ్చుసరికి ఒక్కటైరి.

మనము ఈ కథ విని పావురముపై జాలిపడుదుము, డేగను మరతుము. డేగ అడిగినదేమి? "రాజా, దానిని కాచితివి సరే, నా ఆకలి మాటేమి?" ఇది న్యాయమైన ప్రశ్న. డేగను తరిమివేసి యుండిన శిబి ఒక ప్రాణమునకు అభయమిచ్చి మరొక ప్రాణమును పస్తుంచినవాడగును. అందువలననే తన తొడను కోసి త్రాసులో నుంచినాడు.

జైనాచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున గృహస్థుని అహింసావ్రతమునకు కలుగు దోషములను ఐదింటిని చెప్పినాడు. ప్రాణిని కట్టివేయుట, కొట్టుట, అవయవములను కోయుట, మోయలేని బరువు మోపుట, తిండి నీళ్ళు ఆపుట. చంపుట మాట ఇందులో లేనేలేదు, చూచితిరా! చంపని వాడును హింసకుడు కావచ్చునన్నమాట. నాగలి పట్టువానికి అహింస యెట్లు కుదురునని మీరడుగవచ్చును. సేద్యమున తప్పనిసరియై జరుగు హింస వేరు, బుద్ధిపూర్వకముగా చేయు హింస వేరు అని జైనులు విభజించిరి. గృహస్థు ముందుగా విడువవలసినది రెండవదానిని. సాధువులకు మాత్రము ఈ సడలింపు లేదు.

మేమును పాఠశాలలో పతంజలి చెప్పిన యమములను వల్లించినవారమే. వానిలో అహింసయే మొదటిది. కాని బండి ఎద్దు వరకు మా చదువు దిగిరాలేదు.

మా యౌవనమున మా ఇంటి గృహప్రవేశమునకై మాచర్ల నుండి నాపరాళ్ళు తెచ్చుచుంటిమి. వైశాఖమాసపు ఎండ. త్రోవలో బండివాడు, "అయ్యగారూ, నాలుగు పలకలు దింపుదామండీ, ఎలపట ఎద్దు లాగలేకున్నది" అన్నాడు. ముహూర్తము మించిపోవునని మేము ఒప్పుకొనలేదు. పైగా మేమును బండి దిగలేదు. మరి కొంతదూరము పోవుసరికి ఆ ఎద్దు ముందుకాళ్ళు మడతపడి రాళ్ళబాటపై కూలబడినది. అప్పటికి ఉదయము నుండి దానికి నీరు పెట్టలేదని తెలిసినది. ఐదింటిలో రెండు దోషములు ఒక్క పూటలోనే చేసితిమి.

ఇంటికి వచ్చి చెప్పగా మా తండ్రిగారు కోపపడలేదు. "ముహూర్తము ఎవరికిరా, మనకా, ఎద్దుకా?" అని మాత్రమే అడిగినారు. పలకలు మరునాడు రెండు విడతలుగా వచ్చినవి. ముహూర్తము ఎటులను దాటిపోయినది. ఆ ఎద్దు మోకాలి మీది మచ్చ అది బ్రతికినన్నాళ్ళు మానలేదు. మా వీధిన బండి పోవునప్పుడెల్ల మేము లోపలికి పోయెడివారము.