నిశాని వేసే ముందు

శాతవాహన విశ్వవిద్యాలయంలో పట్టాలందుకున్న బిడ్డలారా, నేరుగా అసలు మాటకు వస్తాను.

నేను బ్యాంకు ఉద్యోగిని. ఎక్కువ కాలం ఉట్నూరు, జగిత్యాల వైపు పనిచేశాను. 2014లో జన్‌ధన్ ఖాతాలు మొదలైనప్పుడు ముసలివాళ్లు పొద్దున్నే వచ్చి వరుస కట్టేవాళ్లు. ఒక ఆధార్ జిరాక్స్ అడిగితే మూడు ఇచ్చేవాళ్లు. ఎక్కడ చూపిస్తే అక్కడ నిశాని వేసేవాళ్లు. అది మా మీది నమ్మకం. ఆ నమ్మకం ఎవరి చేతిలో పడితే ఏమవుతుందోనన్న బెంగ 2018 నుంచి నన్ను వదలలేదు.

ఆ ఏడాది జూన్‌లో మన పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్‌కార్డులు అమ్మే యువకుడొకరిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకున్నాడని వాళ్లు చెప్పారు. వాటిలో పేరుంది, ఆధార్ నంబరుంది, వేలిముద్ర కూడా ఉంది. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో ఆ ముద్రలకు నకళ్లు చేసి, అమ్మకాల టార్గెట్ కోసం వాళ్ల పేర్ల మీద వేలాది సిమ్‌లు చాలూ చేశాడట. భూమి కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు చేసిన తప్పేమీ లేదు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలిముద్ర పోతే ఏం మార్చుకుంటాం?

మరి మీరేం చేస్తున్నారు? బట్టల దుకాణంలో అడగ్గానే ఫోన్ నంబరు గడగడా అప్పజెబుతారు. లోన్ యాప్ మీ కాంటాక్టులన్నీ అడిగితే చదవకుండానే సరేనని నొక్కేస్తారు. ఇన్నేళ్ల చదువు ఆ ఒక్క క్షణంలో ఎటు పోతుంది బిడ్డా? నంబరు ఇవ్వకపోతే సరుకు అమ్మమని దుకాణదారులు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే చెప్పింది. ఎందుకని అడగండి. ఆధార్ ఇవ్వక తప్పని చోట, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలేమో కనుక్కోండి.

నా అసలు దిగులు ఇంట్లో ఉన్న మీ అవ్వ, బాపుల గురించి. వాళ్ల వేలిముద్రలను ఇంకెవరూ వాడుకోకుండా, ఈ రాత్రే ఆధార్ వెబ్‌సైట్‌లో వాళ్ల బయోమెట్రిక్‌కు తాళం వేయండి. పింఛనుకూ రేషనుకూ వేలు పెట్టాల్సిన రోజు ఆ తాళం ఎలా తీయాలో ఓపికగా నేర్పండి, లేకపోతే వాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తారు. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి. తెలియనిది ఒక్కటి కనబడినా అక్కడే ఫిర్యాదు చేయండి. ఖాతాలో డబ్బు పోయిందనిపిస్తే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చెప్పి, ఆ నంబరు వాళ్లకు నోటికి వచ్చేదాకా చదివించండి.