అమ్మువాని పుట, కొనువాని ప్రశ్న



ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుఁగును సంస్కృతమును బోధించి విశ్రాంతి తీసికొనుచున్న నావంటివాఁడు మోటారు కార్లనుగూర్చి ప్రసంగించుట మీకు వింతగా నుండవచ్చును. నాకు కారు నడుపుట రాదు. కాని యొక కారును వెదకుటలో నాలుగు నెలలు గడపితిని. ఆ వెదకులాటలో, చిన్ననాఁడు గురువుగారియొద్ద చదివిన తర్కపాఠ మొకటి మఱల జ్ఞప్తికి వచ్చినది. దానినే నేఁడు మీకు విన్నవింతును.

మా పెద్దబ్బాయి విజయవాడలో నొక చిన్న యుద్యోగి. పండ్రెండవ యేటనుండియు వానికి విదేశీయపు పెద్ద కారుపై మోజు. నోటుపుస్తకముల యట్టలమీఁద దానినే గీయుచుండెడివాఁడు. క్రొత్తదాని వెల అర్ధకోటికి పైమాట. అది మా యింట తలపెట్టఁదగిన సంగతి కాదు. అయితే అట్టి కార్ల వెల నాలుగైదేండ్లలో తఱచుగా సగమునకో, అంతకు దిగువకో జాఱిపోవును. వాఁడు పదేండ్లుగా కూడఁబెట్టిన సొమ్మునకు నా గ్రాచ్యుటీలో మిగిలినదానిని చేర్చి యిరువది లక్షలు సిద్ధపఱచితిమి. "నాన్నగారూ, ఈ వయసున మీ సొమ్ము ముట్టుట నాకు సిగ్గుగా నున్నది" అని వాఁ డనెను. "సిగ్గు వలదు, నేను చదివి చూచినగాని కొనవలదు" అని నేను షరతు పెట్టితిని.

వీథిలోని దళారులను నమ్మలేక, ఆ కార్లను తయారుచేయు కంపెనీల వెబ్‌సైటులనే చూడ నిశ్చయించితిమి. అట్టి కంపెనీలు తమ డీలర్లచేత పాత కార్లను పరీక్ష చేయించి, ధ్రువీకరించి, కొంతకాలము వారంటీతో అమ్మించు పద్ధతి కలదు. పద్ధతి మంచిదే. చిక్కంతయు ఆ పుటలలో నున్నది.

ఒక వాక్యమునుండి అర్థబోధ కలుగవలెనన్న మూఁడు కావలయునని మన తార్కికులు చెప్పుదురు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. "గుఱ్ఱమును" అని యూరకుండినచో వినువాని మనస్సు "ఏమి చేయవలెను?" అని యెదురుచూచును. ఆ యెదురుచూపు ఆకాంక్ష. "నిప్పుతో తోటను తడిపెను" అన్నచో పదములు కుదిరినను పని కుదురదు. అది యోగ్యత లేని వాక్యము. ఉదయమున "గుఱ్ఱమును" అని, సాయంకాలమున "కట్టుము" అన్నచో అర్థము పుట్టదు. అచట లోపించినది సన్నిధి. అమ్మువాని ప్రకటన కూడ వాక్యమే కదా! దానిని ఈ మూఁటితో పరీక్షించితిని.

మొదటిది ఆకాంక్ష. కొనువాని మనస్సులో నుండు ప్రశ్న లెన్ని? బండి యే సంవత్సరపుది, ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, ఎందఱి చేతులు మాఱినది, పెట్రోలా డీజిలా, ఏ యూర నున్నది, వెల యెంత. ఆఱే ఆఱు. మేము పుట తెఱవఁగనే కనఁబడినది కొండదారిలో పరుగెత్తు కారు బొమ్మ. దానిక్రింద "స్వేచ్ఛ", "ఆనందము" వంటి పెద్ద మాటలు. పాత కార్ల జాడ పుటయడుగున, నా కండ్లద్దములకును అందనంత చిన్న యక్షరములలో నున్నది. దానిని నొక్కఁగా వేఱొక సైటు తెఱచుకొనెను. అంతకుముందే మేము చెప్పిన ఊరిపేరు అదియెఱుఁగదు, మఱల చెప్పవలసివచ్చెను. నలుపు రంగని వ్రాయుటకు మాఱుగా రత్నముల పేర్లు, రాళ్లపేర్లు. అలంకారశాస్త్రము చదివినవాఁడను గనుక నాకు కొంత బోధపడినది. మా అబ్బాయికి అదియు లేదు.

రెండవది యోగ్యత. ఇరువది లక్షలకు లోపలివి చూపుమని గుర్తు పెట్టితిమి. వచ్చినవానిలో మొదటిదాని వెల యేఁబదియెనిమిది లక్షలు! "మీరు కోరినవి లేవు, వీనిని కూడ చూడుఁడు" అని యొక మూల వ్రాసియున్నది. ఉప్పు కొనఁబోయినవానికి కర్పూరము చూపినట్లయ్యెను. లేనిదానిని లేదనుట తప్పు కాదు. లేదను మాటను మూల దాఁచుట తప్పు. ఇంకొక సంగతి. లోఁగడ కారు పేరులోని యంకెలు ఇంజను పరిమాణమును సూచించెడివఁట. నేఁడు పెక్కు కార్లలో ఆ సంబంధము తెగిపోయినది. పేరునకును వస్తువునకును పొత్తు లేనపుడు పేరుతో వెదకు టెట్లు?

మూఁడవది సన్నిధి. బొమ్మ యొకచోట, కిలోమీటర్ల లెక్క మఱియొకచోట. వెల యుండవలసినచోట "విచారింపుఁడు" అను మాట. విచారింపవలెనన్న మన ఫోను నంబరు ముందు సమర్పింపవలెను. సమర్పించిన మఱునాఁటినుండి మా అబ్బాయికి ఫోనులు మొదలైనవి. అవి మేము కోరిన బండినిగూర్చి కాదు, క్రొత్త కార్లనుగూర్చి. తుదకు హైదరాబాదులో నొక బండి మాకు నచ్చినది. తెల్లవాఱుజామున బయలుదేఱి రమారమి రెండువందల డెబ్బదియైదు కిలోమీటర్లు పోయితిమి. అచ్చటి గుమాస్తా కుఱ్ఱవాఁడు తలవంచుకొని, "అది పోయిన వారమే అమ్ముడైనదండీ, సైటులోనుండి ఇంకను తీయలేదు" అనెను. తిరుగుప్రయాణములో మా అబ్బాయి ఒక్క మాటయు మాటలాడలేదు. ఆ మౌనమే నాచేత ఈ ప్రసంగము చేయించుచున్నది.

ఇట్లేల జరుగును? తఱచుగా ఆ బండ్లు కంపెనీవి కావు. ఊరూర నున్న డీలర్లవి. వారు వివరములు పంపినగాని సైటులో చేరవు. అమ్ముడైనట్లు తెలిపినగాని తొలఁగవు. సైటునకు యజమాని యొకఁడు, సరుకునకు యజమాని మఱొకఁడు. పైగా ఆ పుటలు క్రొత్త కారును చూపి మురిపించుటకై కట్టినవి. పాత కారు కొనువానికి మురిపెము కాదు, లెక్క కావలెను.

ఇది చిన్న సంగతి యని త్రోసివేయరాదు. 1970వ సంవత్సరమున అమెరికా యర్థశాస్త్రజ్ఞుఁడు జార్జి అకెర్లాఫ్ ఈ పాత కార్ల సంతనే దృష్టాంతముగాఁ గొని యొక వ్యాసము వ్రాసెను. 2001లో ఆయన మఱియిద్దఱితో కలిసి నోబెల్ బహుమానము నందుకొనెను. ఆయన వాదము సులభమైనది. బండి గుణదోషములు అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియవు. కావున కొనువాఁడు అన్నిటికిని నడితరపు వెలయే యిచ్చును. మంచి బండి గలవాఁడు ఆ వెలకు అమ్మక మరలిపోవును. క్రమముగా సంతలో చెడ్డవే మిగులును. ఈ వ్యాధికి మందుగానే కదా కంపెనీల ధ్రువీకరణము! పరీక్ష చేసి, దాని ఫలితమును దాఁచినచో, వైద్యుఁడు మందు నూఱి తన జేబులో పెట్టుకొన్నట్లగును.

మీలో నెవరైనను ఈ దారిని పోఁదలఁచినచో నా యనుభవము కొంత వినుఁడు. బయలుదేఱకముందే ఫోను చేసి, బండి యున్నదా యని యడిగి, ఆనాఁటి కిలోమీటర్ల అంకెను, చాసిస్ నంబరును ఫోటో తీసి పంపుమనుఁడు. నేఁటి కార్లకు ఆ నంబరు పదియేడక్షరములది. దానిని చెప్పి కంపెనీ సర్వీసు చరిత్ర నడుగవచ్చును. ప్రభుత్వమువారి వాహన్ పట్టికలో రిజిస్ట్రేషను తేదీ, ఇన్సూరెన్సు గడువు, బ్యాంకు అప్పు చూడుఁడు. అప్పు తీఱినదన్నచో ఫారము 35 ఉండవలెను. పేరు మార్పునకు ఫారములు 29, 30. పరరాష్ట్రపు బండియైనచో ఫారము 28తో నిరభ్యంతర పత్రము, ఇచ్చట కట్టవలసిన లైఫు టాక్సు లెక్కలోనికి తీసికొనుఁడు. టైరుమీఁద నాలుగంకెలు చెక్కియుండును: 2321 అన్నచో 2021వ సంవత్సరపు ఇరువదిమూఁడవ వారమున తయారైనదని యర్థము. బండి మాట యెట్లున్నను టైరు అబద్ధమాడదు.

కథ ముగింపు చెప్పెదను. విశాఖపట్టణములో నొక డీలరునొద్దకు ఫోను చేసినపుడు, అచ్చటి గుమాస్తా యొక తెల్లకాగితముమీఁద తన చేతివ్రాతతో ఆఱు ప్రశ్నలకును ఆఱు జవాబులు వ్రాసి ఫోటో పంపెను. అడుగున "ఎడమతలుపునకు చిన్న గీఁత కలదు, రంగు వేయలేదు" అని కూడ వ్రాసెను. అడిగినది చెప్పెను, చెప్పినది కుదిరినది, అంతయు ఒక్కచోట నున్నది. మూఁడు ధర్మములు గల వాక్యమది. పోయి చూచితిమి, గీఁత అచ్చటనే యున్నది. బండి తీసికొంటిమి.

అంత పెద్ద కంపెనీలకు ఆ యొక్క కాగితము కష్టమా? గీఁత నున్నదని చెప్పినవాని యొద్దనే నా గ్రాచ్యుటీ సొమ్ము చేరినది. అమ్ముకొనువారు ఈ మాట గమనింతురుగాక.

సెలవు.