సరుకుకు దారి ఉన్నది, శ్రామికునికి ఏదీ?

(శాఖా కార్యదర్శుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్‌తో భారతదేశపు ఆర్థిక సహకారం గురించి రైల్వే, తపాలా ఉద్యోగుల తరగతిలో మాట్లాడవలసిన అవసరమేమిటని కొందరు మిత్రులు అడిగారు. సమంజసమైన ప్రశ్నే. ఖాళీల భర్తీ, పింఛను వంటి సమస్యలు మన నెత్తిమీద ఉండగా బ్యాంకాక్ ఒప్పందంతో మనకేమి పని?

కాకినాడ సమీపాన కోరంగి అనే పాతకాలపు రేవు ఉన్నది. ఆ తీరం నుండి ఓడలెక్కి వేలాది తెలుగువారు పొట్టకూటికి రంగూను వెళ్ళారు. అక్కడ తెలుగు కూలీలకు కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1930 మే నెలలో రంగూను రేవులో వారు కూలి పెంపు కోరి సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మావారిని వెళ్ళగొట్టారు. యజమానులతో మొదలైన తగవు కూలీల మధ్య రక్తపాతంగా పరిణమించింది. దేశాల నడుమ సహకారమంటే కార్మికునికి ముందుగా గుర్తుకు రావలసిన పాఠమిది.

1967లో ఐదు దేశాలతో ఏర్పడిన ఆసియాన్‌లో నేడు పదకొండు దేశాలున్నాయి. 1992లో కొన్ని రంగాలకు, 1995లో పూర్తిస్థాయికి భారతదేశం ఆ కూటమి భాగస్వామి అయింది. 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సరుకుల వ్యాపార ఒప్పందం కుదిరి, 2010 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ముడి పామాయిలుపై సుంకాన్ని 37.5 శాతానికి, కాఫీ, తేయాకులపై 45 శాతానికి, మిరియాలపై 50 శాతానికి 2019 చివరికల్లా తగ్గించడానికి మన ప్రభుత్వం అంగీకరించింది. తోట పంటల మీద బ్రతికే కేరళ 2009 అక్టోబరు 2న మానవహారమై నిరసించింది. మన గోదావరి జిల్లాల పామాయిలు రైతు గెల ధర కూడా ఈ సుంకంతో ముడిపడి ఉన్నది.

2010–11లో ఈ దేశాలతో మన వ్యాపారపు లోటు సుమారు 500 కోట్ల డాలర్లు. 2022–23లో ఎగుమతులు సుమారు 4,400 కోట్లు, దిగుమతులు సుమారు 8,700 కోట్ల డాలర్లు. లోటంతా కార్మికుని నష్టమేనని నేను అనను. చౌకగా వచ్చిన నూనె మన వంటింట్లోనూ వాడుతున్నాము. నా ఆక్షేపణ వేరు. సుంకాలకు, సరుకు పుట్టిన దేశపు ధ్రువీకరణకు, వివాద పరిష్కారానికి ఆ ఒప్పందంలో నియమాలున్నాయి; కార్మికుల హక్కులకు ఒక్క అధ్యాయమైనా లేదు.

దాని పర్యవసానం రైల్వే సోదరులు ఎరుగుదురు. ఆసియాన్ వైపు దారిగా చెప్పే జిరిబామ్–ఇంఫాల్ రైలుమార్గ నిర్మాణస్థలంలో, మణిపూర్‌లోని తుపుల్ వద్ద, 2022 జూన్ 30న కొండచరియ విరిగిపడి సుమారు 60 మంది మరణించారు. వారిలో నిర్మాణ కార్మికులు, కాపలాగా ఉన్న ప్రాదేశిక సేనా జవానులు ఉన్నారు. మోరే నుండి థాయిలాండ్‌లోని మేసోత్‌కు తలపెట్టిన రహదారి మయన్మార్ గుండా పోవాలి. అక్కడ 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకొని అనేక కార్మిక సంఘాలను చట్టవిరుద్ధమన్నది.

అయితే ఇతరులను వేలెత్తి చూపే ముందు మన ఇల్లు చూసుకోవాలి. సంఘ స్వాతంత్ర్యాన్ని, సమష్టి బేరసారాల హక్కును గుర్తించే అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 నంబరు ఒడంబడికలను భారతదేశం నేటికీ ధ్రువీకరించలేదు. ప్రభుత్వోద్యోగులపై గల నిబంధనలే అడ్డని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. ఆ ప్రభుత్వోద్యోగులు ఎవరు? మీరూ, నేనూ!

సరుకుల ఒప్పందాన్ని సమీక్షించాలని 2023లో ఇరుపక్షాలూ నిర్ణయించాయి. కనుక మన కర్తవ్యం మూడు విధాలు. సమీక్షలో కార్మిక సంఘాలను సంప్రదించాలని కోరుదాము. సరిహద్దు రైలుమార్గాల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికుల భద్రత, నష్టపరిహారం మన కోర్కెల పత్రంలో చేరుద్దాము. ఆ దేశాల రవాణా, తపాలా సంఘాలతో సంబంధాలు పెంచుకుందాము.

1930లో రంగూను రేవులో తెలుగు కూలీకి, బర్మా కూలీకి నడుమ మాట కలిపే సంఘం లేకపోయింది. ఆ లోటు పూరించడం మన వంతు.