మన ఊరి మీద పి.హెచ్.డి. ఎవరు రాయాలె?

(వికారాబాద్, తాండూరు ప్రాంత యువకులు, కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పి.హెచ్.డి. అనంగనే అది పట్నపోళ్ల ముచ్చట అనుకుంటం. విదేశీ యూనివర్సిటీలల్ల 'ఘర్షణ, భద్రత, అభివృద్ధి' అని ఒక చదువే ఉన్నది. అభివృద్ధి పేరు మీద ఎవరి భూమి పోతది, ఎవరు జైలుకు పోతరు, ఇవన్నీ అందులో వస్తయి. ఆ పాఠం కోసం మన జిల్లా దాటి పోనక్కర లేదు.

దామగుండం చూడండి. పూడూరు మండలంలో 2,900 ఎకరాల అడవిని నేవీకి ఇచ్చిండ్రు. సముద్రంలో మునిగి ఉండే జలాంతర్గాములకు కబుర్లు పంపే కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన చేసిండ్రు. తమిళనాడులోని తిరునల్వేలి తర్వాత దేశంలో ఇది రెండోది. (సముద్రమెక్కడ, పూడూరెక్కడ అని మన ముసలోళ్లు నవ్వుతరు.) దేశ భద్రత అన్నరు, కాదనం. అడవి అంచున మేకలు మేపుకునేటోళ్ల భద్రత లెక్క ఎవరు రాసిండ్రు?

నెల తిరగకముందే లగచర్ల. ఫార్మా భూముల మీద అభిప్రాయం అడగడానికి వచ్చిన కలెక్టర్, అధికారుల మీద నవంబర్ 11న దాడి జరిగింది. దాడిని మేం మెచ్చుకోం. ఆ రాత్రే పోలీసులు దిగి మనుషులను పట్టుకపోయిండ్రు. తండా ఆడోళ్లు ఢిల్లీ దాకా పోయి మానవ హక్కుల కమిషన్ ముందు గోడు చెప్పుకున్నరు. నెలాఖరుకు ఫార్మా నోటిఫికేషన్ వాపసు తీసుకున్నరు. వెంటనే ఇండస్ట్రియల్ పార్కు అని ఇంకోటి తెచ్చిండ్రు.

భద్రత అంటే సరిహద్దు, తుపాకీ మాత్రమే కాదని ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ 1994 నివేదికలోనే రాసింది. తిండి, పని, ఆరోగ్యం కూడా భద్రతే అన్నది. అట్లయితే తాండూరు నాపరాయి గనులల్ల దుమ్ము మింగే కూలీ ముచ్చట కూడా భద్రత ముచ్చటే.

మరి ఇది రాసేదెవరు? మా దగ్గరికి కూడా పరిశోధకులు వచ్చిండ్రు. చాయ్ తాగిండ్రు, మా మాటలు రికార్డు చేసుకున్నరు, పోయిండ్రు. అది అచ్చయిందో లేదో మాకు తెల్వదు.

బాబాసాహెబ్ 1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద అమెరికా పోయిండు. 1916 మే నెలలో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పేపర్ దేని మీద? భారతదేశంలో కులాల మీద! మన పిల్లల విదేశీ చదువుకు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ 1954-55 నుంచి ఉన్నది. 2022లో దాని నిబంధనలు మార్చిండ్రు. భారత సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేస్తే ఆ పైసలు రావు అన్నరు. ఆ నిబంధనే 1913లో ఉంటే అంబేద్కర్ ఆ పేపర్ మీద ఏం రాసేటోడు? లగచర్ల పిల్ల లండన్ పోయి లగచర్ల మీద రాస్త అంటే ఏం చెప్తరు?

మన పిల్లలు పోయేదాకా ఆగొద్దు. పహాణీలు, నోటీసులు, ఎఫ్.ఐ.ఆర్. నకళ్లు పారేయకండి. గ్రామసభలో ఎవరేమన్నరో అదే రాత్రి తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. రాయరానోళ్లు చెప్పండి, బడి పిల్లలు రాస్తరు.