గిటారు, గాజు వాల్వు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు కరెంటు డిపార్ట్‌మెంటులో ముప్పై ఐదేళ్లు చేసినవు. ఏదన్నా పది నిమిషాలు మాట్లాడాలె" అన్నారు. కరెంటు ఎందుకు పోతుందో చెప్పమంటారేమోనని భయపడ్డాను. అది కాదన్నారు గనుక, రిటైరైన తర్వాత నేను చేసిన ఒక పని గురించి చెబుతాను. మా మనుమరాలి కోసం వాల్వులతో ఒక గిటారు యాంప్లిఫయర్ తయారు చేశాను. అందులో వాల్వులు దొరకడం కష్టం కాలేదు. సరైన ట్రాన్స్‌ఫార్మర్లు ఎంచుకోవడమే కష్టమైంది. ఆ సంగతి ఈ సభలోనే ఎందుకు చెప్పాలో తెలియాలంటే ముందు ఒక పాత కథ వినాలి.

మేము పదో తరగతిలో ఉన్నప్పుడు, క్రిస్మస్ ముందు రోజులు. చర్చి గంట వింటూ పెరిగిన ఊరు మనది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన గుడి, 175 అడుగుల గోపురం. డిసెంబర్ వచ్చిందంటే మతంతో పని లేకుండా పిల్లలందరికీ పాటల సందడే. మా తరగతి మిత్రుడొకడికి వాళ్ల మామ హైదరాబాదు నుంచి గిటారు తెచ్చిచ్చాడు. దానికి తగిలించే చిన్న పికప్ కూడా ఉంది. కానీ యాంప్లిఫయర్ లేదు. మా ఇంట్లో పాత వాల్వు రేడియో ఉండేది. దాని వెనక గ్రామఫోన్ కోసం రెండు రంధ్రాలుండేవి. పికప్ వైరు అందులో పెట్టాం. పాట మోగింది. అందరం ఎగిరి గంతేశాం.

మరునాడు అప్పుడే కడిగిన తడి నేల మీద, వట్టి కాళ్లతో నిలబడి అతను మళ్లీ వాయించబోయాడు. పికప్ లోహపు తొడుగు మీద చెయ్యి పడగానే బిగుసుకుపోయాడు. అరవడానికి కూడా నోరు పెగల్లేదు. కింద పడేటప్పుడు వైరుతోపాటు రేడియో కూడా బల్ల మీంచి పడి, ప్లగ్గు ఊడిపోయింది. అందుకే బతికాడు. ఆ మిత్రుడు ఇప్పుడు మొదటి వరుసలో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

సంగతి మన భౌతికశాస్త్రం సారుకు తెలిసింది. బెత్తం తప్పదనుకున్నాం. సారు కొట్టలేదు. పగిలిన రేడియోను బడికి తెమ్మన్నారు. ఒక టెస్ట్ లాంపు తీసుకుని ఒక కొస రేడియో చాసిస్‌కు, ఇంకో కొస ఎర్త్‌కు పెట్టారు. రెండు పిన్నుల ప్లగ్గును ఒక విధంగా పెడితే బల్బు వెలగలేదు. తిప్పి పెడితే భగ్గున వెలిగింది. అది ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచే రకం రేడియో. అలాంటి వాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా చాసిస్‌కే కలిసి ఉంటుంది. మొదటి రోజు ప్లగ్గు ఒక విధంగా పెట్టాం, రెండో రోజు తిప్పి పెట్టాం. తేడా అంతే.

"ట్రాన్స్‌ఫార్మర్ అంటే వోల్టేజి పెంచేది, తగ్గించేది అని రాస్తే సగం మార్కులే ఇస్తా. రెండు చుట్టలకు నడుమ ఎక్కడా తీగ కలవదు. ఆ ఎడమే మనిషిని బతికిస్తది. అది రాస్తేనే మిగతా సగం" అన్నారు సారు. నేను కరెంటు డిపార్ట్‌మెంటుకు పోవడానికి ఆ రోజే బీజం పడిందని ఇప్పుడనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా మనుమరాలు హైదరాబాదులో బీటెక్ రెండో సంవత్సరం. గిటారు వాయిస్తుంది. "తాతా, వాల్వు యాంప్లిఫయర్ మోత వేరే. కొందామంటే చాలా ధర. నువ్వు చేసిస్తవా?" అని అడిగింది. ట్రాన్సిస్టర్‌ను శక్తికి మించి మోగిస్తే ధ్వని ఒక్కసారిగా కత్తిరించినట్టు గరగరలాడుతుంది. వాల్వు మెల్లమెల్లగా చిక్కబడుతూ చిరుగుతుంది. పాటగాడు గొంతు పెంచినప్పుడు వచ్చే జీరలాంటిది అది. అందుకే గిటారు వాళ్లు ఇప్పటికీ వాల్వులను వదలలేదు.

నేను ఎంచుకున్నది ఈఎల్84 అనే వాల్వు. ఒకప్పుడు మన ఇళ్లలోని పెద్ద రేడియోల్లో ఉండేదే. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు కూడా తయారు చేశారు. బీటిల్స్ వాడిన వాక్స్ ఏసీ30 యాంప్లిఫయర్‌లో ఉన్నవి ఇవే వాల్వులు, నాలుగు. నాకు ఒకటి చాలు, ఇంట్లో వాయించుకోవడానికి అయిదు వాట్లు ఎక్కువే. దాని ముందు ఈసీసీ83 ఒకటి. పాత రేడియో మెకానిక్‌ల డబ్బాల్లో, కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి రెండూ సంపాదించాను.

మొదట పవర్ ట్రాన్స్‌ఫార్మర్. అమెరికా నుంచి తెప్పిద్దామంది మా మనుమరాలు. వద్దన్నాను. అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనది 230 వోల్టులు, 50 సైకిళ్లు. వోల్టేజిని స్టెప్‌డౌన్ పెట్టి దించవచ్చు గానీ సైకిళ్లను మార్చలేం. 60 సైకిళ్లకు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 50 మీద నడిపితే కోరులో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. కోరు నిండిపోయి గుయ్‌మంటుంది, వేడెక్కుతుంది, కొన్నాళ్లకు కాలిపోతుంది.

కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి. ఈఎల్84 ప్లేటుకు 250 వోల్టుల డీసీ కావాలి. దాదాపు 48 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. రెండూ గుణిస్తే 12 వాట్లు, అదే దాని గరిష్ఠ పరిమితి. మిగతావి కలుపుకుని 60 మిల్లీ ఆంపియర్లు అనుకున్నాను. ఏసీని డయోడ్లతో డీసీ చేసి కెపాసిటర్‌లో నింపితే వోల్టేజి 1.414 రెట్లు అవుతుంది. 200 వోల్టుల ఏసీ పెడితే 283. భారం పడ్డాక 260 చిల్లరకు దిగుతుంది. ఇక్కడే చాలామంది పొరబడేది: కెపాసిటర్ గుక్కలు గుక్కలుగా లాగుతుంది కాబట్టి, 60 మిల్లీ ఆంపియర్ల డీసీకి 60 ఏసీ చుట్ట చాలదు, 100 అయినా ఉండాలి. ఫిలమెంట్లకు 6.3 వోల్టులు. ఒక వాల్వుకు 0.76, ఇంకోదానికి 0.3, మొత్తం 1.06 ఆంపియర్లు. రెండు ఆంపియర్ల చుట్ట పెట్టించాను. మొత్తం పాతిక వాట్లు కూడా లేదు. కానీ 50 వాట్లకు కోరు ఎంచాను. చల్లగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ కాలం బతుకుతుందని నా ఉద్యోగం నేర్పింది.

ఇంకొక మాట. మన దగ్గర సరఫరా ఎప్పుడూ 230 దగ్గరే నిలబడదు. అర్ధరాత్రి బోర్లు ఆగిపోయాక 260 వరకు పోవడం నేను మీటరులో ఎన్నోసార్లు చూశాను. అప్పుడు 6.3 వోల్టులు 7.1 అవుతుంది, ప్లేటు వోల్టేజి 300 దాటుతుంది. వాల్వుకు రెండూ చేటే. అందుకని ప్రైమరీకి 230, 250 రెండు ట్యాపులు పెట్టించాను.

ఎక్కడ చుట్టించాను? మన ఊళ్లోనే. బోరు మోటార్లు చుట్టే దుకాణంలో. ఆ తమ్ముడు కాగితం చూసి, "సార్, ఇది ఎన్ని హెచ్‌పీ మోటరు?" అన్నాడు. "మోటరు కాదు తమ్మీ, పాటలు పాడే డబ్బా" అన్నాను. కోరు వైశాల్యం ఎనిమిది చదరపు సెంటీమీటర్లు. 45ని ఆ ఎనిమిదితో భాగిస్తే వోల్టుకు సుమారు 5.6 చుట్లు, 230 వోల్టులకు దాదాపు 1,290. మా పదో తరగతి గుణకార భాగహారాలే. ఒక్క పూటలో చుట్టి ఇచ్చాడు. ప్రైమరీకి, సెకండరీకి మధ్య ఇన్సులేషన్ కాగితం మూడు పొరలు వేయమని పక్కనే కూర్చున్నాను. ఎందుకో మీకు తెలుసు.

రెండోది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వు ఎక్కువ వోల్టేజి, తక్కువ కరెంటు ఇచ్చేది. స్పీకరుకు తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు కావాలి. ఇద్దరికీ మధ్యవర్తి కావాలి. ఈఎల్84కు 5,000 ఓంల భారం కావాలి, స్పీకరు 8 ఓంలు. భాగిస్తే 625. దాని వర్గమూలం 25. అంటే చుట్ల నిష్పత్తి 25కు 1.

ఆ అంకె చూసి నాకు నవ్వొచ్చింది. మన పొలాల దగ్గర దిమ్మెల మీద ఉండే ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 433కు దించుతుంది. ఆ వోల్టేజిల నిష్పత్తి కూడా దాదాపు 25కు 1. ముప్పై ఐదేళ్లు నేను ట్రాక్టర్ల మీద ఎక్కించి దించిన సామానే, ఇప్పుడు అరచేతిలో పట్టేంత చిన్నదై వచ్చింది.

తెలిసిన సామానే కదా అనుకుని రెండుసార్లు దెబ్బతిన్నాను. మొదట మైకు సెట్లవాళ్లు హారన్లకు వాడే 100 వోల్టుల లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. 2 వాట్ల ట్యాపు సరిగ్గా 5,000 ఓంలు అవుతుంది, లెక్క కుదిరింది. కానీ మోత సన్నబడి పోయింది, మందర తీగల్లో పస లేదు. తప్పు ట్రాన్స్‌ఫార్మర్‌ది కాదు, నాదే. ఒక్క వాల్వు ఉన్నప్పుడు దాని డీసీ కరెంటంతా ప్రైమరీ గుండానే పోతుంది. రేకులను సందు లేకుండా పేర్చిన కోరు ఆ డీసీకే నిండిపోతుంది. ఇక పాటకు చోటెక్కడిది? ఒక్క వాల్వుకు వాడే కోరులో చిన్న సందు ఉండాలి. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పద్ధతిలో రెండు డీసీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అక్కడ సందు అక్కర్లేదు.

రెండోసారి పాత రేడియోలోని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. బాగా పాడింది. ఒకరోజు స్పీకరు వైరు ఊడిన సంగతి చూడకుండా వాల్యూం పెంచాను. భారం లేకపోతే ప్రైమరీలో వోల్టేజి ఎగిసిపడుతుంది. చిటపటమని శబ్దం, కాలిన వాసన. స్పీకరు లేకుండా వాల్వు యాంప్లిఫయర్‌ను ఎప్పుడూ మోగించకండి.

మూడోసారి మళ్లీ మన మోటారు తమ్ముడి దగ్గరికే. ప్రైమరీ 2,500 చుట్లు, సెకండరీ 100. ప్రైమరీని రెండు సగాలు చేసి మధ్యలో సెకండరీ. ఈ రేకులన్నీ ఒక పక్క, ఐ రేకులన్నీ ఒక పక్క, నడుమ పల్చటి కాగితం. హైఫై సంగీతానికైతే ఇంకా పెద్ద కోరు కావాలి. గిటారు మందర తీగ 82 సైకిళ్ల దగ్గర మొదలవుతుంది, గిటారు స్పీకరు అయిదారు వేల దగ్గర ఆగిపోతుంది. ఆరు చదరపు సెంటీమీటర్ల కోరు సరిపోయింది. లండన్‌లో మార్షల్ కంపెనీ తొలి యాంప్లిఫయర్లలో వాడింది కూడా విడిభాగాల కేటలాగులో దొరికిన అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరే. ఖరీదు కంటే లెక్క ముఖ్యం.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లను ఒకదానికొకటి అడ్డంగా, దూరంగా బిగించాను, లేకపోతే హమ్ వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు, చాసిస్‌కు గట్టి ఎర్త్, ఫ్యూజు. ఆపిన తర్వాత కెపాసిటర్లు ఖాళీ కావడానికి ఒక రెసిస్టర్. తొలిసారి సిరీస్ బల్బు పెట్టి వెలిగించాను.

అంతా అయ్యాక మా మనుమరాలు గిటారు తగిలించబోయింది. "ఆగు బిడ్డా" అన్నాను. ఎలక్ట్రిక్ గిటారు ఇనుప తీగలు వైరు ద్వారా యాంప్లిఫయర్ చాసిస్‌కే కలిసి ఉంటాయి. వాయించేవాళ్ల పది వేళ్లూ చాసిస్ మీద ఉన్నట్టే. పాత టెస్ట్ లాంపు తీసి చాసిస్‌కు, వేరే ఎర్త్‌కు మధ్య పెట్టాను. వెలగలేదు. మీటరు పెట్టి చూశాను. మెయిన్స్‌కు, చాసిస్‌కు మధ్య దారే లేదు. ఆ తర్వాత కూడా ముందు నేనే తీగలు పట్టుకున్నాను. రాగం రాదు గనుక ఊరికే పట్టుకున్నాను. ఏమీ కాలేదు. అప్పుడు గిటారు ఆమె చేతికిచ్చాను.

ఈ సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమంలో మా మనుమరాలు ఆ యాంప్లిఫయర్ మీదే వాయిస్తుంది. పక్కన రెండో గిటారు పట్టుకునేది ఆ మొదటి వరుసలో నవ్వుతున్నాయన. చెప్పులు వేసుకునే వస్తానని ఒప్పుకున్నాడు.

చివరిగా ఒక్క మాట. కాలిపోయిన ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను రంపంతో అడ్డంగా కోసి, చెక్క మీద బిగించి తెచ్చాను. ప్రైమరీ, సెకండరీ, రేకులు, నడుమ కాగితం, మాడిన చోటు అన్నీ కనిపిస్తాయి. దీన్ని మన బడి ప్రయోగశాలకు ఇస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు చేత్తో పట్టుకుని చూడాలి. రెండు చుట్టలకు నడుమ ఉన్న ఆ ఎడం మీద వేలు పెట్టి చూపించండని ఇప్పటి సైన్సు టీచర్లకు నా మనవి. సారు ఇప్పుడు మన మధ్య లేరు. మిగతా సగం మార్కులు నాకు ఇంకా బాకీ ఉన్నాయనుకుంటాను.