కంప్యూటర్ అనే ఉద్యోగం

ఈ రోజు పట్టా అందుకుంటున్నవాళ్లలో కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు చాలామందే ఉన్నారు. రెండు వందల ఏళ్ల కిందట పుట్టి ఉంటే వాళ్లలో కొందరు కంప్యూటర్లే అయ్యేవారేమో. అప్పట్లో అది మనిషి చేసే ఉద్యోగం.

1613లో రిచర్డ్ బ్రాత్‌వైట్ అనే ఇంగ్లీషు రచయిత కంప్యూటర్ అనే మాటను లెక్కలు కట్టే మనిషికే వాడాడు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు చెప్పిన అర్థమూ అదే. 1767 సంవత్సరంతో మొదలైన నాటికల్ ఆల్మనాక్, అంటే ఓడలవాళ్ల పంచాంగం కోసం ఖగోళ శాస్త్రవేత్త నెవిల్ మాస్కెలిన్ నియమించిన కంప్యూటర్లు ఇళ్లలోనే కూర్చుని చంద్రుడి స్థానాలు గుణించేవారు. ఒకే లెక్కను ఇద్దరు విడివిడిగా కట్టాలి, మూడో మనిషి సరిపోల్చాలి. ఒక జంట ఒకరిది ఒకరు చూసి రాసి పట్టుబడింది. కాపీ కొట్టడం కొత్త విద్యేమీ కాదన్నమాట!

మన దేశంలో రాధానాథ్ సిక్దార్ 1831లో దేశాన్ని కొలిచే గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వేలో కంప్యూటర్‌గా చేరాడు. పదిహేనో నంబరు శిఖరం ఎత్తు 29,002 అడుగులని తేల్చిన లెక్కలు ఆయన ఆధ్వర్యంలో జరిగినవే. శిఖరానికి మాత్రం అప్పటికే పదవీ విరమణ చేసిన సర్వేయర్ జనరల్ జార్జి ఎవరెస్టు పేరు పెట్టారు.

మాట యంత్రం వైపు గట్టిగా మళ్లింది 1940లలో. అమెరికా సైన్యానికి ఫిరంగి గుండ్ల దారి లెక్కలు కావలసి వచ్చి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో యువతులను కంప్యూటర్లుగా తీసుకున్నారు. ఒక్క గుండు దారి తేల్చాలంటే రోజంతా కూర్చున్నా తెమిలేది కాదు. 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించిన ఎనియాక్ అనే యంత్రం ఆ పనిని అర నిమిషంలో ముగించింది. దాని పూర్తి పేరులో చివరి మాట కంప్యూటర్. పని ఎటు పోయిందో మాటా అటే పోయింది.

మరి మనుషులు? ఆ యువతుల్లోంచే ఆరుగురిని ఏరి ఎనియాక్‌ను నడిపే పని అప్పగించారు. ఎలా నడపాలో చెప్పే పుస్తకం లేదు. సర్క్యూట్ బొమ్మలు చూసి, ఇంజనీర్లను అడిగి నేర్చుకున్నారు. పాత అర్థమూ వెంటనే చావలేదు. 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమిని చుట్టి రావడానికి బయల్దేరే ముందు, యంత్రం కట్టిన లెక్కను కేథరిన్ జాన్సన్ అనే గణితజ్ఞురాలు సరిచూడాలని కోరాడు. ఆమె 1953లో కంప్యూటర్‌గానే కొలువులో చేరింది.

ఇంత కథనూ నిఘంటువు రెండు పంక్తుల్లో తేల్చేస్తుంది. అది చాలదు. ఎనియాక్ ప్రదర్శన జరిగిన రాత్రి విందుకు ఆ ఆరుగురికీ పిలుపు రాలేదు. కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్: ప్రోగ్రామర్లుగా ఉద్యోగాల్లో చేరబోతున్న పట్టభద్రులు వీళ్ల గురించి ఒకసారి వెతికి చదవాలి.