మోగే ఫోను ఎవరికి కబురు చేస్తోంది?

(కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీ పేరున వచ్చిన ఉత్తరాన్ని ఇంట్లో మగవాళ్ళు ముందు విప్పి చదవడం గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ ఆ పని చేతిలోని ఫోనే చేసిపెడుతోంది.

మా దగ్గరికి సలహా కోసం వచ్చిన ఒకామెకి ఓ మధ్యాహ్నం ఫోన్ చేశాను. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. సాయంత్రం భర్త వస్తూనే, "రెండున్నరకి ఎవరితో నాలుగు నిమిషాలు మాట్లాడావు?" అన్నాడట. ఆ రాత్రి ఆమె దెబ్బలు తింది. ఫోన్ చేసింది నేను.

తర్వాత చూస్తే, ఆమె ఎరగని యాప్ ఒకటి ఆ ఫోన్లో ఉంది. దానికి "ఫోన్", "కాల్ లాగ్స్" అనుమతులు ఇచ్చి ఉన్నాయి.

ఇందులో మంత్రమేమీ లేదు. ఆండ్రాయిడ్ ఫోనుకి మూడు స్థితులు: ఖాళీగా ఉండటం, మోగటం, మాట్లాడుతూ ఉండటం. స్థితి మారగానే, అనుమతి ఉన్న యాప్‌కి ఫోను కబురు చేస్తుంది. ఏ వేళకి మోగింది, ఎంతసేపు మాట్లాడారు అన్నది దాంతోనే తేలిపోతుంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి నెంబరు కూడా తెలియాలంటే కాల్ లాగ్స్ అనుమతి కావాలి. పాటల యాప్ కాల్ రాగానే పాట ఆపడానికి ఈ అనుమతులేవీ అక్కర్లేదు. కాబట్టి ఎవరడిగినా "ఎందుకు?" అని మనం అడగాలి.

సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిస్తే ఏ యాప్‌కి ఏ అనుమతి ఉందో కనబడుతుంది. కానీ కనబడగానే తీసెయ్యమని తొందరపెట్టకండి. తీసేసిన సంగతి అతనికి తెలిస్తే హింస పెరగొచ్చు, సాక్ష్యమూ పోతుంది. ముందు ఆమె భద్రత, తర్వాతే యాప్.

స్త్రీ ఎలక్ట్రానిక్ సంభాషణలపై నిఘా పెట్టడం 2013 నుంచి నేరం. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో ఉంది. భర్తకి మినహాయింపు అని అందులో ఎక్కడా లేదు.

చట్టం సరే, మన అలవాటు మాటేమిటి? ఇప్పుడు మొదటి రోజే అడుగుతున్నాను: "మీకు ఏ నెంబరుకి, ఏ వేళకి చెయ్యమంటారు? అసలు చెయ్యొచ్చా?" ఆమె చెప్పేదాకా నేను ఫోను ముట్టుకోను. మీరూ ముట్టుకోవద్దని కోరుతున్నాను.